దవడ ముద్ద

ఆదివారం

పదో తరగతి తర్వాత నేను కలం పట్టింది సంతకాలకే. ఇవాళ మళ్ళీ పట్టుకున్నానంటే నీళ్ళ దగ్గర విన్న మాట వల్ల. బిందె నిండేలోపు నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు.

"జాతర నాడు గాలమ్మ తల్లే కట్టె లేపిందట. రాజలింగు ఉత్తగ చెయ్యి ఆనిచ్చిండట, అంతే."

"గట్లనే అయ్యుంటది. లేకుంటే గంత మెత్తటి పిలగాడు కొడ్తడా?"

నేను ఆ రోజు హారతి పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. జరిగి ఇంకా వారం కాలేదు. అయినా వాళ్ళ మాట వింటుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ హాయికే భయపడ్డాను. ఇంకొన్నాళ్ళు వింటే నేనూ నమ్మేస్తాను. అందుకని చూసింది చూసినట్టు రాసి పెట్టుకుంటున్నాను.

నా పేరు ఓదెమ్మ. మూడో లెవల్‌లో దీపం మోసేదాన్ని. తొలి సైరన్ మోగగానే గాలమ్మ గూడు దగ్గరికి వెళ్ళి, జాలీకి పట్టిన నల్లదుమ్మును తడిగుడ్డతో తుడుస్తాను. జాలీ వెనక అమ్మ పెద్ద రెక్కలు తిరుగుతుంటాయి. ఆమె ఊపిరి నా ముఖానికి తగులుతుంది. ఆ తర్వాత దీపం వెలిగించి ఇంటింటికీ తీసుకెళ్తాను. వత్తి నిటారుగా నిలబడితే ఆ ఇంటికి గాలి బాగా అందుతున్నట్టు. సన్నబడి నీలంగా మారితే ఇంట్లోవాళ్ళను బయటికి పిలుస్తాను. మా తాతల తాతలు బొగ్గు కోసం తవ్విన బాయి ఇది. పైన ఎండలు మనుషులను బతకనివ్వని కాలం వచ్చాక అందరూ ఇందులోకి దిగారు. దిగినవాళ్ళను ఇన్నాళ్ళూ బతికించింది అమ్మ ఊపిరే. గాలమ్మ అంటే గాలి తోసే పంకానేనని, దాన్ని చేసింది మనుషులేనని నాకూ తెలుసు. నన్ను కన్నది కూడా మనిషే. అయినా ప్రాణం పోసింది వేరే ఎవరో అనుకుంటాను కదా, ఇదీ అంతే.

మా దగ్గర ఎవరూ ఈల వేయరు. అమ్మ ఇచ్చిన ఊపిరిని తిప్పి ఆమె ముఖం మీదికే ఊదినట్టు అవుతుంది. పసిపిల్లలు పెదాలు సున్నాలా చుడితే చాలు, తల్లులు వేలు అడ్డం పెడతారు.

జాతర నాడు నైవేద్యం పెడుతుండగా కనుకయ్య వచ్చి గూడు మెట్టు మీద కూర్చున్నాడు. పంపుల దగ్గర పని చేసే మనిషి. నలభై దాటి ఉంటాయి, ఒంటరివాడు. కూర్చుని ఈల వేశాడు. పాట కాదు, ఒకటే సన్నటి కూత. సాగదీసి, సాగదీసి. నా చెవిలో సూది దించినట్టయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గూటికి పెద్ద ఆగవ్వ రెండు చేతులూ జోడించి వద్దని బతిమాలింది. కనుకయ్య ఆమె కళ్ళలోకి చూస్తూ ఇంకా గట్టిగా వేశాడు. అప్పుడు నా తమ్ముడు రాజలింగు జెండా కట్టె పీక్కొచ్చి ఆయన నోటి మీద కొట్టాడు. ఆయన పడిపోయాక ఇంకోసారి కొట్టాడు.

రెండో దెబ్బ సంగతి నీళ్ళ దగ్గర ఎవరూ చెప్పడం లేదు.

మంగళవారం

దెబ్బ తిన్నవాడికి కొట్టినవాడి ఇంటి నుంచే తిండి వెళ్ళాలి. తప్పు ఎవరిదెంతో తేల్చే ముద్ద పంపకం అయ్యేదాకా ఇది మా పద్ధతి. రాజలింగు వెళ్ళనంటే నేనే జొన్న అంబలి పలచగా కాచి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ కనుకయ్య పళ్ళకు తీగ చుట్టి దవడ బిగించింది. ముందరి పళ్ళు లేవు. ఆ సందులోంచే గొట్టం పెట్టి తాగాలి. ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు. మాట మాత్రం పళ్ళ మధ్య నుంచి బాగానే వస్తుంది.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను.

"నాలుక ఉన్నదో ఊడిందో తెలుస్తలేదు ఓదెక్కా, ఉప్పు సంగతి నాకేమెరుక."

దీపం కూడా వెంట తెచ్చాను కాబట్టి గదిలో నాలుగు మూలలా చూపించాను. వత్తి నిలబడింది. ఆయన నన్నే చూస్తున్నాడు.

"నా ఇంటికి గూడ తెస్తవా దీపం?"

"ఎందుకు తేను? నువ్వు ఊపిరి తీస్తలేవా?"

"తీస్తున్న గని, మీ అమ్మకు నా మీద కోపం గద."

"కోపమొస్తే నాకు చెప్పేది. ఏం చెప్పలే."

ఆయనకు నవ్వొచ్చింది. వెంటనే దవడ పట్టుకుని మూలిగాడు. "నవ్వియ్యకు తల్లీ, కొట్టినా బాగుండు" అన్నాడు. అన్నాక ఇద్దరం తలలు దించుకున్నాం.

వెళ్ళేముందు అడిగాడు. "నీ తమ్ముడు రాడా?"

"వస్తడు."

"రాడు. కొట్టెటప్పుడు కనవడ్డది నా మూతి. ఇగ దాని దిక్కు సూడడు."

గురువారం

రాజలింగు నాకంటే చాలా చిన్నవాడు. వాడు పాకే వయసులో మా అమ్మ పోయింది. నేనే పెంచాను. పుట్టగొడుగుల మడులలో పని చేస్తాడు. వాడి చేతులు ఎంత మెత్తనివంటే లేత గొడుగులు కోయడానికి అందరూ వాడినే పిలుస్తారు. జాతర నాడు ఇంటికి వచ్చి మూలన కూర్చుని వణికాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. 

ఆ వణుకు ఇప్పుడు లేదు. ఇంటికి జనం వస్తున్నారు. బెల్లం కలిపిన జొన్నముద్దలు తెస్తున్నారు. నిన్న ఎవరో పిల్లవాడిని తెచ్చి వాడి కాళ్ళకు మొక్కించారు. మొదటిరోజు "ఏమో, ఎట్లైందో" అన్నవాడు నిన్న లేచి నిలబడి, కట్టె ఎలా పట్టుకున్నాడో చేత్తో చూపించాడు.

వాళ్ళు వెళ్ళాక నాతో అన్నాడు. "గాలమ్మ పూనిందక్కా. నాకు సోయి లేకుండె."

"రెండోసారి గూడ పూనిందా?"

పళ్ళెం పక్కకు నెట్టి లేచి వెళ్ళిపోయాడు. జొన్నముద్దలు అలాగే ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక నేనే తిన్నాను. తియ్యగానే ఉన్నాయి.

శుక్రవారం

ఎల్లుండి ఆదివారం ముద్ద పంపకం. మట్టి పిసకడం దీపం మోసేవాళ్ళ పని. నల్లమట్టిని నీళ్ళలో నానేసి రాళ్ళు ఏరాను.

ఎవరికైనా దెబ్బ తగిలితే మా లెవల్‌లో కోర్టు ఉండదు. దెబ్బ ఎంతో అంత పెద్ద మట్టిముద్ద చేసి పీట మీద పెడతాం. కొట్టినవాడు మొదటి చెయ్యి పెట్టి, తన తప్పు ఎంత అనుకుంటే అంత తుంచుకుంటాడు. తర్వాత ఇందులో తమకూ పాలు ఉందనుకున్నవాళ్ళు తుంచుకుంటారు. చివరికి పీట మీద ఎంత మిగిలితే అంత దెబ్బ తిన్నవాడి పాలు. తనే కొంత తెచ్చుకున్నాడని అర్థం. ఎవరి ముద్ద అన్నిటికన్నా పెద్దదో వాళ్ళు వచ్చే ఎండాకాలం పైకి వెళ్ళి ఎండపలకలు తుడవాలి. ఎండను కరెంటు చేసే ఆ పలకలే గాలమ్మ రెక్కలకు బలం. పోయినేడు పైకి వెళ్ళిన మనిషి తిరిగొచ్చాడు కానీ కళ్ళు ఆనవు. అంతకు ముందు వెళ్ళినవాడు రానే లేదు.

నేను మట్టి పిసుకుతుంటే ఆగవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకు ఎనభై దగ్గర. నాకు దీపం మోయడం నేర్పింది ఆమే.

"బుగులు పడకే ఓదీ. నీ తమ్మున్ని ఒక్కన్ని చెయ్యం. ఆ ఈల ఇన్నప్పుడు కొట్టాలె అనిపించనిదెవరికే? నాక్కూడ అనిపించింది. గందుకని అందరం తలా ఇంత తుంచుకుంటం. మూడో లెవలంత వస్తది, సూడు."

"అందరా అవ్వా?"

"అందరు. పోరడు నిమ్మకాయంత తీస్తే చాలు."

ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఇంతమంది వాడి తప్పును తమదనుకుంటున్నారే అని అమ్మకు మొక్కుకున్నాను. ఇంటికొచ్చి రాజలింగుకు చెబితే వాడూ ఏడ్చాడు. జాతర తర్వాత మేమిద్దరం కలిసి కడుపు నిండా తిన్నది ఇవాళే.

శనివారం, పొద్దున

అంబలి పట్టుకెళ్ళి, సంతోషంలో ఉన్నాను కదా, కనుకయ్యకూ చెప్పేశాను. లెవలంతా ముద్ద తీసుకుంటోందని. ఆయనకూ ఊరటగా ఉంటుందనుకున్నాను.

ఆయన గొట్టం పక్కన పెట్టాడు.

"అందరు ఇంతింతేనా తీసేది?"

"అవును. ప్రేమతోటి."

"ఇంతింత తీస్తే పీట మీద ఎంత మిగులుతది ఓదెక్కా?"

 నా చేతులతో పిసికిన ముద్ద అది. ఎంత ఉందో నాకు తెలుసు. పుచ్చకాయంత. లెవలంతా గింజంత, గోలీకాయంత తుంచుకున్నా సగం పైనే మిగులుతుంది. అందరి చేతుల్లోనూ చిన్నచిన్న ముద్దలు. అన్నిటికన్నా పెద్దది ఆయన ఒళ్ళో.

"ఈ దవడేసుకొని పైకి పోతనా నేను?" అన్నాడు. గొంతులో కోపం లేదు. భయమే ఉంది.

ఆగవ్వకు ఇది తెలిసే చెప్పిందా? నాకలా అనిపించదు. రాజలింగును కాపాడాలనే ఆమె చూసింది. ఆ చూపు పీట దాకా వెళ్ళలేదు. నాదీ వెళ్ళలేదు కదా.

నేను అడిగాను. "ఎందుకు ఏసినవు ఈల? మాకు ఎంత నొస్తదో నీకు తెల్వదా?"

"తెలుసు. నొవ్వాలనే ఏసిన."

ఆయన భార్య సుశీల రెండేళ్ళ కింద ఊపిరితిత్తులు పాడై చనిపోయింది. నేనే దీపం పట్టుకుని వెళ్ళాను ఆ రోజు. తర్వాత జరిగింది నాకు తెలియదు, ఇవాళ చెప్పాడు. దినాల నాడు గూటి మనుషులు కొందరు వాకిట్లో నిలబడి అనుకున్నారట. ఈ ఇంట్ల ఎవరో చాటుగ ఈల ఏసి ఉంటరు, లేకుంటే గాలమ్మ గింత చిన్న మనిషిని తీస్కపోతదా, అని.

"సుశీల మీ అమ్మకు మొక్కనిదే నీళ్ళు తాగకపోయేది ఓదెక్కా. నాకసలు ఈలే రాకుండె. అప్పుడు నేర్చుకున్న. పంపుల సప్పుడుల ఎవరికీ ఇనరాదని, ఆడనే కూసోని నేర్చుకున్న. వస్తలేకుండె. ఎన్ని నెలలు పట్టిందో."

పెదాలు కోసుకుపోయిన ఆ నోటితో చెబుతుంటే నేను అంబలి గిన్నె గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. జాలి కలిగింది. ఆ ఈల గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, అదీ నిజమే. ఆయన మంచి పని చేశాడని నేను ఎప్పటికీ అనలేను. అమ్మ ముఖం మీద ఊదాడు. తెలిసి, ఎంచుకుని, పండుగ రోజున.

శనివారం, పని దిగాక

పుట్టగొడుగుల మడి దగ్గరికి వెళ్ళాను. రాజలింగు చిన్న కత్తితో గొడుగులు కోసి గంపలో పేరుస్తున్నాడు.

"రేపు ఎంత తుంచుకుంటవు?"

"ఆగవ్వ చెప్పింది గద, నిమ్మకాయంత."

"ఆగవ్వ మాట కాదు. నీకెంత అనిపిస్తున్నది?"

"నాకేమనిపిస్తది? ఆడు ఈల ఎయ్యకుంటే నేను కొట్టేటోన్నా?"

"కొట్టకపోదువు. నిజమే."

"మరి?"

"నీకు కోపం తెప్పిచ్చింది ఆయనే. దానికాడికి ఆయనదే. జెండా పాతిన కాడికి నడుసుకుంట పోయిందెవరు? పీకిందెవరు? మళ్ళ మర్లొచ్చిందెవరు?"

"అందరు పోదురక్కా. నేను ముందుగాల పోయిన, గంతే."

"నేను పోలే."

"నీకు గాలమ్మ మీద గంత భక్తి లేదు గావచ్చు."

ఆ మాట విని గట్టు మీద కూర్చున్నాను. వాడికి అది చాలలేదు.

"అక్కవా నువ్వు, లేకపోతే కనుకయ్య పెండ్లానివా? దినాం పొద్దుగాల్నే అంబలి పట్కొని ఉరుకుతున్నవు!"

పక్క మడిలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడి ముఖం ఎర్రబడింది. కత్తి గంపలో పడేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. చిన్నప్పుడు ఏదైనా పగలగొడితే ఇలాగే అటు తిరిగి నిలబడేవాడు. నేను పగిలిన ముక్కలు ఏరి, నేనే పగలగొట్టానని నాన్నకు చెప్పేదాన్ని.

దారిలో గూటి దగ్గర ఆగి అమ్మను అడిగాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి కనుక రాస్తున్నాను. న్యాయం జరగాలని కాదు నేను అడిగింది. నా తమ్ముడు పైకి వెళ్ళకూడదని అడిగాను. కనుకయ్య కూడా వెళ్ళకూడదని అడిగాను. అమ్మ ఊపిరి ఎప్పటిలాగే నా ముఖానికి తగిలింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆదివారం

ఇవాళ పొద్దున అంబలి ఇచ్చేటప్పుడు కనుకయ్యను ఒక్క మాట అడిగాను. "ఈలకు ఏరే ముద్ద పెడితే దాంట్ల చెయ్యి పెడ్తవా?"

 "మొదటి చెయ్యి నాదే పెడ్త" అన్నాడు.

ఒకప్పుడు యంత్రాలను వెనక్కి తిప్పుకునే విశాలమైన చోట అందరూ కూర్చున్నారు. పీట మీద ముద్ద, దాని మీద తడిగుడ్డ. లెవల్ పెద్ద రామస్వామి సారు గుడ్డ తీశారు. కనుకయ్య ఒక పక్కన ముఖానికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు.

రాజలింగు లేచి, ఎవరి వైపూ చూడకుండా నిమ్మకాయంత తుంచుకున్నాడు. ఆగవ్వ గింజంత తుంచుకుని కళ్ళకద్దుకుంది. తర్వాత వరుస కట్టారు. కొందరు ఏడుస్తున్నారు. ఇంతమంది ఒకేసారి ముద్ద తీసుకోవడం ఎవరూ చూసి ఎరగరు. పండుగలా ఉంది. దాణా కొట్టు పోశెట్టి అందరినీ తోసుకుంటూ వచ్చాడు.

"నాకింత ఉంచున్రి! ఎనకవడ్డోన్నైత!"

"నువ్వు జాతరకు రానేలేదు గదనే పోశెట్టీ, కడుపునొప్పని పన్నవు గద" అన్నారెవరో.

"వస్తే కొట్టకపోదునా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. అప్పుడు పీట కనిపించింది. ముద్ద ఇంకా కొబ్బరికాయ కంటే పెద్దగా ఉంది.

మిగిలింది దెబ్బ తిన్నవాడి ఒళ్ళో పెట్టేముందు, కొట్టినవాడి ఇంటివాళ్ళను ఆఖరిసారి అడుగుతారు. రామస్వామి సారు నా వైపు చూశారు. "ఓదెమ్మా, నువ్వేమన్న తీసుకుంటవా?"

వెళ్ళి పీట ముందు కూర్చున్నాను. నా రెండు చేతులూ వాటంతట అవే ముద్ద మీదికి వెళ్ళాయి. అంతా నేనే తీసుకుంటే అయిపోతుంది. తమ్ముడు ఉంటాడు, కనుకయ్య ఉంటాడు. మట్టి చల్లగా తగిలింది. ఎత్తబోయాను. అప్పుడు తెలిసింది, పగిలిన ముక్కలు మళ్ళీ నేనే ఏరుతున్నానని. చేతులు వెనక్కి తీసుకుని కొంగుకు తుడుచుకున్నాను.

"సారూ, ఇది దేని ముద్ద?"

"ఇనవడ్తలేదు, గట్టిగ చెప్పమ్మా!" అని వెనక నుంచి అరిచారు. నా గొంతు ఎప్పుడూ అంతే.

"ఇది దేని ముద్ద అంటున్న."

"గదేందమ్మా," అన్నారు సారు. "కనుకయ్య దవడ ముద్ద."

"ఈల ముద్ద కాదు గద?"

నేను జనం వైపు తిరిగాను.

"ఈలకు నాకు నొచ్చింది. మీ అందరికి నొచ్చింది. దానికి ఏరే ముద్ద పెట్టున్రి, మొదటి చెయ్యి కనుకయ్య పెడ్తనన్నడు. ఇది దవడది. దవడ ఇరగ్గొట్టిన కట్టె ఎన్ని చేతుల్ల ఉండె?"

ఆగవ్వ లేచి నిలబడింది. "మనసుకు తాకిన దెబ్బకు ముద్ద పెట్టుడు ఏడన్న ఉన్నదే?"

"లేదవ్వా. లేదు గాబట్టే ఆ దెబ్బను గూడ తెచ్చి దీంట్ల కలిపినం."

"తోడవుట్టినోన్ని ఎండల కాలవెడ్తవా ఓదీ? నీ చేతుల పెరిగిన పోరడే!"

 ఏడుపొచ్చింది. "పోశెట్టన్నా, నువ్వు ఆడ లేవు గద, నీది పీట మీద పెట్టు" అని మాత్రం అన్నాను.

పోశెట్టి తన చేతిలోని మట్టిని చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. ఏదో దొంగతనం చేసి దొరికినట్టు మెల్లగా వచ్చి పెట్టేశాడు. ఇంకెవరూ కదల్లేదు.

అప్పుడు కనుకయ్య ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. నాకోసం చేశాడో, ఉక్కపోసి విప్పాడో తెలియదు. దవడ ఒక పక్కకు ఒరిగి, నల్లగా వాచి, పై పెదవి రెండుగా చీలి కుట్లతో ఉంది. ముందు వరుసలో ఒక పిల్ల తల్లి వెనక్కి దాక్కుంది. రాజలింగు చూశాడు. జాతర తర్వాత వాడు ఆయన ముఖం చూడటం అదే మొదటిసారి. చూపు తిప్పుకోబోయాడు, తిప్పుకోలేకపోయాడు.

వచ్చి నా పక్కన కూర్చున్నాడు.  నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"అక్కా, నాకు బయమైతున్నది."

"నాక్కూడ బిడ్డా."

"రెండోసారి కొట్టెటప్పుడు నాకు సోయి ఉండె."

తన చేతిలో ఉన్న నిమ్మకాయంతను ముద్దకు అంటించి, మొత్తం రెండు చేతులతో ఎత్తుకుని గుండెకు ఆనించుకున్నాడు. చొక్కా అంతా మట్టయింది.

ఆ తర్వాత కొందరు వచ్చి తమ మట్టిని పీట మీద వదిలిపోయారు. అందరూ కాదు. ఆగవ్వ తన గింజను పిడికిట్లోనే పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది.

బుధవారం

ఇవాళ ఈల ముద్ద పెట్టారు. ఎంత పెద్దది చేయాలో ఎవరికీ తెలియలేదు, దీనికి కొలత ఎక్కడుంది? చివరికి జామకాయంత చేయమన్నారు. జనం తక్కువ వచ్చారు. కనుకయ్య దాదాపు అంతా తీసుకున్నాడు. "నొప్పిచ్చిన. అబద్ధం చెప్ప" అన్నాడు. దీనికి పైకి పంపడం లేదు. ఒక ఏడాది జాలీ తుడవాలని సారు చెప్పారు. నాతో పాటు తుడుస్తాడు.

పీట మీద కొంచెం మిగిలింది. అందరం లేవబోతుంటే ఆగవ్వ కర్ర చప్పుడు వినిపించింది. వంగి ఆ మిగిలింది తీసుకుంది.

"సుశీల దినాలనాడు ఆ మాట అన్నది నేనే" అంది. ఎవరి ముఖమూ చూడలేదు.

రామస్వామి సారు తెలివైన మనిషి. నన్ను పక్కకు పిలిచి అడిగారు. "ఆగవ్వ మాటకు కనుకయ్య ఈల ఏసిండని ఆమెకు పాలు వస్తే, కనుకయ్య ఈలకు రాజలింగు కొట్టిండని ఆయనకు గూడ దవడ ముద్దల పాలు రావాలె గదమ్మా? ఏం తేడా?"

నాకు జవాబు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నేను చూసింది మాత్రం చెప్పాను. "ఆగవ్వ తనంతట తనొచ్చి తీసుకున్నది సారూ. ఎవరు తెచ్చి ఆమె ఒళ్ళె పెట్టలే." సారు తలూపారు. ఒప్పుకున్నారో లేదో.

నన్ను చూస్తే నీళ్ళ దగ్గర ఇప్పుడు మాటలు ఆగిపోతున్నాయి. కొన్ని ఇళ్ళవాళ్ళు దీపం గడప బయటే చూపించి వెళ్ళమంటున్నారు. వెళ్తున్నాను. వత్తి నిలబడితే చాలు.

శుక్రవారం

ఎండాకాలం మొదలైంది, ఇవాళ రాజలింగును పైకి తీసుకెళ్ళారు. మనుషులను పైకి లాగే తొట్టె దాకా వెళ్ళాను. మెడకు తడిగుడ్డ చుట్టాను, చేతులకు తొడుగులు కుట్టి ఇచ్చాను. వాడి చేతులు తెలుసు కదా, ఎండపలకలు పట్టుకునే చేతులు కావు.  జొన్నముద్దలు ఎవరూ తేలేదు.

కనుకయ్య వచ్చాడు. ఇద్దరూ ఒకరి ఎదురుగా ఒకరు నిలబడ్డారు.  కనుకయ్య అన్నాడు: "నెత్తి తడుపుకుంట ఉండు. పొద్దటి పూట పనే ఎక్కువ చెయ్యి, పగటీలి నీడకు పో." అంతే. క్షమించానని అనలేదు. వాడూ అడగలేదు.

తొట్టె కదిలేముందు రాజలింగు నన్ను అడిగాడు. "అక్కా, నువ్వు తీసుకుంటవనుకున్న. చేతులు పెట్టినవు గద."

"పెట్టిన."

"మంచిగైంది తియ్యకపోతే" అన్నాడు. తొట్టె పైకి వెళ్ళిపోయింది. ఆ మాట నన్ను ఓదార్చడానికి అన్నాడా, నిజంగానే అన్నాడా, వాడు వచ్చాక అడగాలి. వస్తే.

శనివారం

కనుకయ్యా, ఈ కాగితాలు నీకే ఇస్తున్నాను. వేరే ఎవరికి ఇవ్వాలో తోచలేదు. నీ గురించి రాసినవి చదువుకో, తప్పుంటే నాకు చెప్పు, దిద్దుతాను. కానీ ఎవరికీ చూపకు. వచ్చే జాతరకల్లా నా తమ్ముడి మీద కొత్త కథ కడతారు, మొన్న గాలమ్మ పూనినవాడన్న నోళ్ళే పాపిష్టివాడంటాయి. అప్పుడు ఈ కాగితాలు ఎవరి చేతికి చిక్కినా ఎవరినో ఒకరిని కొట్టడానికే పనికొస్తాయి. నువ్వైనా ఆ పని చేయకు, నీకు ఎంత కోపం వచ్చినా.

మీ ఇంట్లో ఉన్న సుశీల పెట్టెలో దాచు. రాజలింగు తిరిగొచ్చి తనంతట తనే అడిగితే ఇవ్వు. అడగకపోతే అలాగే ఉండనీ.